వరస నడిపిన మనిషి

వరసలో అందరికన్నా ముందున్న ఖైదీని కచింగ్వే భుజం పట్టి పక్కకు లాగాడు.

ఎక్కడో వెనక నిలబడి దగ్గుతున్న యోటమ్ అనే బక్క మనిషిని తెచ్చి ఆ చోట నిలబెట్టాడు.

బల్ల దగ్గర కూర్చున్న తిసుంగేకి ఒళ్లు మండింది.

ఆమె ఓ చిన్న సేవాసంస్థలో పనిచేస్తోంది. మలావీ దేశపు జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల కేసులు కోర్టుకెక్కేలా చూడడం ఆ సంస్థ పని. తిసుంగే వారానికోసారి ఈ జైలుకొచ్చి, ఆవరణలో మామిడిచెట్టు కింద బల్ల వేసుకుని, ఒక్కొక్కరి గోడూ వినేది.

ఎప్పుడొచ్చినా ఆ బల్ల పక్కనే కచింగ్వే ఉండేవాడు.

అతను గది పెద్ద. యాభైమంది పట్టే గదిలో రెండువందలమందిని కుక్కితే పడుకోవడానికి చోటుండదు, ఒరగడానికే ఉంటుంది. ఎవరు గోడ పక్కన, ఎవరు మరుగుదొడ్డి బకెట్ పక్కన, నిద్రలో అందరూ ఒక్కసారిగా పక్కకు తిరగాల్సింది ఎప్పుడు, అన్నీ గది పెద్ద చెప్పినట్టే జరగాలి. అలాంటి పెత్తనం శిక్ష పడ్డ పాతకాపులకే దక్కుతుందని తిసుంగే వినివుంది. సబ్బుముక్క ఇస్తే గాలి తగిలే చోటిస్తారనీ వినివుంది.

ఆ రోజు ఇక ఊరుకోలేకపోయింది.

"ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడానికి మీరెవరు పెద్దాయనా?"

"ఆయన పైవారం దాకా ఆగగలడమ్మా. యోటమ్ ఆగలేడు."

ఎంత తీసుకున్నాడో ఏమో అనుకుంది తిసుంగే.

మధ్యాహ్నం ఆమె అనుమానం గట్టిపడింది. రోజుకు ఒక్కసారే పెట్టే న్సిమా అనే మొక్కజొన్నపిండి ముద్దలోంచి ఖైదీలు తలా ఇంత తుంచి కచింగ్వే చేతిలో పెడుతున్నారు. అతను వాటిని చొక్కా అంచులో పోసుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

కడుపు మాడినవాళ్ల నోటి దగ్గర కూడు కూడా లాక్కుంటున్నాడన్నమాట.

సాయంత్రం అందరూ వెళ్లాక అతను బల్ల ముందుకొచ్చి, నాదీ ఒక మాట ఉందమ్మా అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "శిక్ష పడ్డవాళ్ల సంగతి మేం చూడం. విచారణకే నోచుకోనివాళ్లు ఇంతమంది ఉండగా మీకోసం కూర్చోలేను."

కచింగ్వే బల్ల ముందునుంచి పక్కకు జరిగాడు.

"సరేనమ్మా. ముందు వాళ్లవి కానివ్వండి."

వెళ్లేముందు తిసుంగే జైలు అధికారి చిసాలేని కలిసింది. తిండి దోచుకునే మనిషికి పెత్తనమెలా ఇచ్చారని నిలదీసింది. ఆయనకు ఎవరైనా ఒకటే. ఆ సాయంత్రమే కచింగ్వేని తీసేసి, మెడ బలిసిన ఇంకొకణ్ని పెట్టాడు.

ఒక మంచిపని చేశాననుకుంటూ తిసుంగే ఇంటికెళ్లింది.

మరుసటి వారం నుంచి వరస చక్కగా కదిలింది. తోపులాట లేదు. అయితే వచ్చేవాళ్లంతా కాస్త కండ ఉన్నవాళ్లే. దగ్గేవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. కచింగ్వే కూడా కనిపించలేదు. ఆమె అడగలేదు.

వానలు వెనకబట్టాక యోటమ్ కేసు కోర్టు కొట్టేసింది. బయటికొచ్చిన మూడోనాడు అతను ఆఫీసుకొచ్చాడు. కృతజ్ఞతలు చెప్పడానికి కాబోలనుకుని తిసుంగే కుర్చీ చూపించింది.

యోటమ్ కూర్చోలేదు.

"పెద్దాయన్ని తీయించింది మీరేనట కదమ్మా."

"మీ తిండి లాక్కుంటుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"లాక్కోవడమా? లేవలేనివాళ్లకు తినిపించేవాడు. మేమే తలా ఇంత ఇచ్చేవాళ్లం. నేనూ ఆ ముద్ద తినే బతికాను. కొత్తవాడు ఆయన్ని బకెట్ పక్కకు తోశాడు. ఆ తడిలోనే దగ్గు పట్టుకుంది. పోయినవారం పోయాడు."

అంతే చెప్పి వెళ్లిపోయాడు.

తిసుంగే ఆ ఎండలోనే జైలుకు వెళ్లింది. గేటు దగ్గర కొత్తరంగు వాసన గుప్పుమంది. మంత్రిగారు వస్తున్నారట.

చిసాలే టీ తాగుతున్నాడు. దగ్గుతున్న మనిషిని ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని ఆమె అడిగింది. బండికి పెట్రోలు లేదన్నాడు. గేటుకు రంగు మాత్రం ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగింది. అది వేరే పద్దు అన్నాడు. అతనివాళ్లకు కబురైనా పంపారా అంటే, ఎవరున్నారో తెలియదనీ, గోడ వెనకే పూడ్చేశామనీ, ఇందులో అంత కేకలు వేయాల్సిందేముందనీ అన్నాడు.

అప్పటికిగానీ తాను అరుస్తున్నట్టు ఆమెకు తెలియలేదు.

కళ్లు తుడుచుకుని, ఎంత నేరం చేసినా అతనూ మనిషే కదా అంది. బయటికొచ్చే రోజు కోసం ఎదురుచూసే ఉంటాడు కదా అంది. ఇంకా ఎన్నేళ్ల శిక్ష మిగిలిందని అడిగింది.

చిసాలే కప్పు కింద పెట్టి, ఆమెను వింతగా చూశాడు.

"శిక్షెక్కడిదమ్మా అతనికి? తెచ్చి పడేసి పన్నెండేళ్లయింది, ఇంతవరకూ ఏ కోర్టూ అతన్ని పిలవనే లేదు."