కొంగగారి నీతిపత్రం

మడుగులోని ఆడచేపల కోసం కొంగ తామరాకుల మీద నీతిపత్రాలు అచ్చువేసి ఊరికే పంచేది. మంచి చేప ఒడ్డు వదలదన్నదే వాటన్నిటి సారం. చదివి ఒడ్డుకు చేరినవాళ్ళు మళ్ళీ కనబడలేదు.

పక్కింటి పరిగె చేప కూడా పోయేసరికి జెల్ల చేపకు కడుపు మండింది. పిల్లల్ని లోతుకు తీసుకుపోయి బతికించుకున్న తల్లి కథ రాసింది. అచ్చుయంత్రం కొంగ దగ్గరే ఉంది, ఏం చేస్తుంది? అక్కడికే పట్టుకెళ్ళింది.

"శైలి బాగుందమ్మా, నీతే లేదు. 'లోతు' అన్నచోటల్లా 'ఒడ్డు' అని దిద్దుదాం. ఆడదానివి, పేరు దేనికి? 'ఒక సాధ్వి' అని వేస్తాను," అంది కొంగ.

"మీ సాధ్వులంతా మీ పొట్టలోనే ఉన్నారుగా స్వామీ, ఇంకొకర్తె ఎందుకు?" అని జెల్ల ఆకు లాక్కుని, మడుగంతా వినబడేలా చదువుకుంటూ లోతుకు పోయింది. చేపలన్నీ వెనకే ఈదాయి.

కొంగకు సిగ్గా, ఎగ్గా? మర్నాటి నుంచి కప్పలకు అచ్చువేస్తోంది.