వలయంలో ఉందా?

"ఆ పాత పేరు మళ్ళీ పెట్టండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఫోనులో ఆమె చేపల రేవు ఆఫీసు గుమాస్తా. ఈయన, అందరూ ఉచితంగా వాడుకునే ఒక డేటాబేసును చూసుకునే ఇంజనీరు. ఒక చోటు ఫలానా వలయంలో ఉందో లేదో తేల్చే ఆపరేటరుకు, అంటే ప్రోగ్రాముల్లో రాసే ఆజ్ఞా పదానికి, అందులో రెండు పేర్లుండేవి. పాతది తీసేయించింది ఈయనే. తెల్లవారుజామున రేవు సర్వరు కొత్త వెర్షన్ ఎక్కించుకుంది. అప్పటినుంచి తుఫాను వలయంలో ఏ పడవలున్నాయని అడిగితే, అలాంటి ఆపరేటరే లేదంటోంది.

"ఏళ్ళ తరబడి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పామమ్మా. హెచ్చరిక రోజూ మీ తెర మీదే పడేది. చూడకపోతే నేనేం చెయ్యను?"

"అవన్నీ మా తమ్ముడు చూసుకునేవాడండీ. ప్రోగ్రాం రాసింది వాడే."

"మరింకేం, అతన్నే మార్చమనండి. చిటికెలో పని."

"ఫోనెత్తడం లేదండీ."

"తమ్ముడు ఫోనెత్తకపోతే నా ప్రాణం తీస్తారా?"

"పడవ ఎక్కడుందో చెప్పే పరికరం బిగించి, పనిచేస్తుందో లేదో చూసొస్తానని సముద్రంలోకి వెళ్ళాడు సార్."

ఆయన వెంటనే కొత్త ఆపరేటరుకే పాత పేరు తగిలించే ఆదేశాన్ని అక్షరం అక్షరం చెప్పాడు. ఆమె కొట్టినదాంట్లో ఒక అక్షరం తప్పు పడింది. మళ్ళీ చెప్పాడు. ఈసారి తెర మీద పడవల జాబితా వచ్చింది.

"లోపలే ఉంది!" ఆమె కేక పెట్టింది. "తమ్ముడి పడవ తుఫాను లోపలే ఉంది సార్!"

"అయ్యో తల్లీ..."

"అయ్యో ఏంటండీ! ఈ తెర మీద కనిపించిన పడవల కోసమే తీర గస్తీవాళ్ళు కాపాడటానికి బయల్దేరతారు. వాడు లోపలే ఉన్నాడని దీని చేత చెప్పించు దేవుడా అని పొద్దుట్నుంచీ మొక్కుతున్నాను."