గోడ అవతలి ఉల్లిమడి

"అమ్మాయ్, ఇవి తిని చూడు. కడుపులో నిలుస్తాయి."

పెరటిగోడ మీదుగా ఒక చెయ్యి వచ్చింది. చేతిలో నాలుగు ఉల్లికాడలు.

పుష్పవతి ఉలిక్కిపడి మూతి తుడుచుకుంది. తిన్న అన్నమంతా అప్పుడే గోడవార కక్కుకుంది.

అవతల ఒక ముసలావిడ. నెత్తిన ముసుగు, బోసిమెడ. వెనకవీధి ఇంట్లో పెరటిగది అద్దెకు తీసుకుని కొత్తగా దిగింది.

"అమ్మో, ఉల్లా? మా ఇంట్లో గడప దాటి రానివ్వరండీ. మా అత్తయ్య చంపేస్తుంది."

"గడప దాటడమెందుకు? ఇక్కడే తినెయ్. పైన రెండు తులసాకులు నమిలి లోపలికి పో."

ఉప్పుకల్లు కూడా కొంగున ముడేసుకుని తెచ్చింది ఆవిడ.

పుష్పవతి తిన్నది. నిలిచింది.

జగ్గయ్యపేట బజారుకు కరెంటు దీపాలు కొత్తగా వచ్చిన రోజులవి. పుష్పవతి భర్త వెంకటరత్నం కిరాణాకొట్టు ముందు, ఇల్లు వెనక. ముందువైపు గుమాస్తాలుంటారు కనక కోడలు అటు రాకూడదు. పుష్పవతికి మిగిలింది వంటిల్లు, పెరడు.

ఆమెది రెండో సంబంధం. మొదటి భార్య ఈ ఇంట్లోనే పురిట్లో పోయింది. పోయినామె పేరున చేయించిన చిన్న బంగారు బిళ్ళ పుష్పవతి మెడలో, సూత్రాల పక్కన ఉంటుంది.

"సవతిబిళ్ళ. తీశావంటే పోయినావిడ ఊరుకోదు" అని అత్తగారు దుర్గాంబ పెళ్ళినాడే చెప్పింది.

పుష్పవతికి ఇప్పుడు ఏడో నెల. పెనుగంచిప్రోలులో పుట్టింటికి పురిటికి పంపమంటే దుర్గాంబది ఒకటే మాట.

"పంపితే మీవాళ్ళు నెలలకొద్దీ అట్టిపెట్టుకుంటారు. ఇక్కడ గుమాస్తాలకు వండిపెట్టేదెవరే?"

"పోయిన అక్కయ్యకూ పురుడు ఇక్కడే కదా అత్తయ్యా..."

"దాని ఆయుష్షు అంతే."

తండ్రికి రాసిన కార్డుముక్కలు కొట్టుదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయేవి.

రోజూ అత్తగారు కునుకు తీసే వేళకు పుష్పవతి గోడ దగ్గరికి చేరేది. ముసలావిడ అప్పటికే కాడలు కోసి ఉంచేది.

"మీరు తినరా?"

"మాకు పనికిరాదమ్మా."

"మరెందుకు వేశారు?"

"పచ్చగా కనపడుతుందని. కోసినకొద్దీ వస్తాయి. వేరు మాత్రం పీకకూడదు."

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చూపు పుష్పవతి మెడ మీదే. పైట కప్పుకుంటే చూపు దించుకునేది. కాసేపటికి మళ్ళీ అక్కడికే.

"మీ నాన్నగారిది ఏ ఊరు?"

"పెనుగంచిప్రోలు."

"ఇల్లు ఎక్కడ?"

చెప్పేసి పుష్పవతి నాలుక కరుచుకుంది. బంగారం మీద కన్నేసిన మనిషికి ఇంటిగుర్తులు చెప్పానే అని భయపడింది.

ఆ భయం నిజమే అనిపించే రోజూ వచ్చింది.

"ఆ బిళ్ళ ఒక్కసారి పట్టుకుని చూడనా అమ్మాయ్?"

పుష్పవతి గభాలున వెనక్కి జరిగి, తులసాకుల సంగతి మరిచి ఇంట్లోకి పరుగెత్తింది. ఎదురుగా దుర్గాంబ.

"ఏదీ, నోరు తెరువు. ఉల్లి! నా ఇంట్లో ఉల్లి!"

"నాది తప్పు కాదత్తయ్యా. వెనకింటి ముసలావిడే పెట్టింది. ఆవిడ కన్ను నా మెడలో బంగారం మీద ఉంది."

మోకాళ్ళ నొప్పులతో పెరటిమొహం చూడని దుర్గాంబ గోడదాకా నడిచింది. అవతలికి చూసింది. ముసలావిడ తలెత్తింది. దుర్గాంబ చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఎవరత్తయ్యా?"

"ఎవరో దొంగముండ. లోపలికి పద."

మర్నాడే తాపీవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఇటుకలు పేరుస్తుండగా పుష్పవతి తొంగి చూసింది. గదికి తాళం. ఉల్లిమడి వేళ్ళతో సహా పీకేసి ఉంది.

"పోతూ పోతూ ఎంత కసి!" అనుకుంది.

గోడ మనిషెత్తు లేచింది. పెరట్లో నిలబడితే ఇక ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. తిన్నది నిలవడం మానేసింది.

అలాంటి ఒక పొద్దున తండ్రి అచ్చయ్య ఎడ్లబండి కట్టుకుని వచ్చి, వీధి అరుగు మీద కూర్చున్నాడు.

"లోపలికి రండి అన్నయ్యగారూ. మజ్జిగ తీసుకోండి."

"అమ్మాయిని బండెక్కించాక తీసుకుంటా చెల్లెమ్మగారూ."

"ఇప్పుడు పంపడం కుదరదండీ."

"అయితే కుదిరేదాకా ఇక్కడే కూర్చుంటా."

కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఆగి అడిగాడు.

"ఏంటండీ, అరుగు మీద కూర్చున్నారు?"

"పురిటికి పిల్లను తీసుకెళదామని వచ్చానయ్యా. పంపుతారేమోనని చూస్తున్నా."

అచ్చయ్య గొంతు బజారంతా వినపడింది. మధ్యాహ్నానికి జనం సరుకుల మాట మాని, అరుగు చుట్టూ మూగారు.

వెంకటరత్నం లోపలికి వచ్చి తల పట్టుకున్నాడు.

"పంపించెయ్యమ్మా. బేరాలు పోతున్నాయి."

బండి ఊరు దాటాక గానీ పుష్పవతికి ఊపిరి ఆడలేదు.

"నీకింత మొండితనం ఎక్కణ్ణించి వచ్చింది నాన్నా?"

"నాది కాదమ్మా. ఎవరో పెద్దావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తడిగుడ్డలో వేళ్ళతో సహా ఉల్లికాడలు తెచ్చి, మన నూతి దగ్గర తనే నాటింది. 'మీ పిల్లకు ఇవి తప్ప ఏవీ నిలవవు' అంది."

పుష్పవతి బండి గుంజ పట్టుకుంది.

"అరుగు దిగొద్దు, మజ్జిగ ముట్టొద్దు అని నేర్పింది కూడా ఆవిడే. 'మేం ఆ మజ్జిగ తాగి, వాళ్ళ మాట విని లేచి వచ్చాం' అని ఏడ్చింది."

"ఇప్పుడెక్కడుంది?"

"ఉండమన్నా ఉండలేదు. నందిగామ వైపు వెళ్ళిపోయింది."

"ఎవరో అడగలేదా నాన్నా?"

"అడిగానమ్మా. 'మీ అమ్మాయి మెడలో చిన్న బిళ్ళ ఉంటుంది, అది మా అమ్మాయే' అంది."