కొబ్బరి పొట్టులో మనీప్లాంటు

“ఆగన్నా, ఆగు! గన్ని నీళ్లు పోస్తవా? చంపుతవా దాన్ని?”

గడపలో కూర్చున్న కాశమ్మ నోటినుంచి ఆ మాట తనకు తెలియకుండానే వచ్చింది. నారాయణఖేడ్‌లోని ఈ గల్లీకి వచ్చాక ఆమె ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు. పక్కవాటా యోసేపు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“వాడిపోతున్నది కద చెల్లె. దూపయితుందేమో అనుకున్న.”

“వాడినదానికల్లా దూపేనా? ఏదీ, గిటు తే.”

యోసేపు కుండీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మనీప్లాంటు ఆకులు వేలాడుతున్నాయి. చనిపోయిన భార్య రోజ పెంచిన మొక్కట. కుండీలో నల్లమట్టి గట్టిపడి వేరు కుళ్లుతుంటే, మట్టి కడిగేసి కొబ్బరి పొట్టులోకి మార్చాడట. మార్చిన మర్నాటినుంచి ఇదే వరస.

కాశమ్మ పొట్టును వేళ్లతో నలిపి చూసింది. “గిదేం మట్టన్నా? బరువే లేదు. పరుపుల కుక్కే పీసు లెక్కున్నది.”

యోసేపు నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వి చాలా రోజులైంది.

సిర్గాపూర్‌లో ఆమె ఇల్లు మొన్నటి వానలకు కూలింది. కూతురు శ్రీవాణి తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకుంది. శ్రీవాణి పొద్దున బట్టల దుకాణానికి పోతే దీపాలు పెట్టే వేళకే రాక. అంతదాకా కాశమ్మకు గోడలే తోడు. మధ్యాహ్నం గోడకవతల యోసేపు ఒక్కడే ప్రార్థన చేసుకుని, తిని, ఒక్క కంచం కడుక్కునే చప్పుడు వినిపించేది. ఇవతల తను ఒక్కతే తినబుద్ధికాక గిన్నె మూత పెట్టేసేది. “సోమారం పోత. చేన్ల గుడిసె ఏస్కుంట,” అని నిన్ననే తెగేసి చెప్పింది. “గుడిసెల ఏమన్నయితే ఎవలు చూస్తరమ్మా?” అని శ్రీవాణి ఏడ్చినా వినలేదు.

“నీడకు పెట్టు,” అంది కాశమ్మ. “మిర్చి నారు పీకి నాటితే గూడ గిట్లనే తలకాయ ఏలాడేస్తది. ఏరు కొత్త జాగ పట్టుకునేదాక ఆకుల్ని మొయ్యలేదు. ముసలాకులు తుంచెయ్.”

“జర ఎరువేద్దునా?”

“జ్వరమొచ్చినోనికి బిర్యానీ పెడ్తవా అన్నా?”

మర్నాడు పొద్దున్నే యోసేపు మళ్లీ కుండీతో వచ్చాడు. కాశమ్మ పైపైన తాకి చూసి, “ఎండిపోయింది. ఇయ్యాల పొయ్యి,” అంది.

యోసేపు తల గోక్కున్నాడు. “పైన పొడిగనే ఉన్నది చెల్లె. లోపల ఏలు పెడితే సల్లగ తాకుతుంది. ఏందది?”

ఆమె వేలు దూర్చి చూసింది. లోపలంతా తడే. నల్లరేగడి అయితే ఎండగానే నెర్రెలు విచ్చి చెబుతుంది. ఇదేమిటో పైకొకటి, లోపలొకటి.

“అరె, దొంగ మట్టన్నా ఇది. ఇగ ఏలు పెట్టి చూడనిది చుక్క పొయ్యకు. యాద్పెట్టుకో.”

“పెట్టుకుంట,” అన్నాడు యోసేపు బుద్ధిగా.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక సందేహం. చెమ్మ ఆరకుండ మొక్కకు కవరు కప్పితే గాలాడదేమో? కుండీ అడుగు బొక్క చిన్నగున్నదేమో? అడిగి ఊరుకోడు, ఆమె చెప్పేదాకా మెట్టు మీద కూర్చుంటాడు. ఆయన వెళ్లాక కాశమ్మ దాని గురించే ఆలోచిస్తూ రొట్టె కొట్టేది, ఆ ఆలోచనలోనే తినేది. ఇంత అమాయకుడు ఇన్నాళ్లు ఏం నౌకరీ వెలగబెట్టాడో అనుకునేది.

ఆదివారం చర్చినుంచి వస్తూనే యోసేపు కుండీ పట్టుకొచ్చాడు. ఆకులు నిలబడ్డాయి. కొస దగ్గర లేతాకు ఒకటి చుట్ట విప్పుకుంటోంది.

“బతికినట్టేనా చెల్లె?”

“బతికింది.” కాశమ్మ గొంతు తగ్గింది. “ఇగ నాతోని నీకేం పనున్నదన్నా.”

యోసేపు తన వాటా వైపు చెయ్యి చూపించాడు. “లోపల ఇంక శానా ఉన్నయి. అన్ని నల్లమట్టిలనే. మారుద్దామంటే నా చేతులు వణుకుతున్నయి.”

ఆ సాయంత్రం శ్రీవాణి బిక్కమొహంతో అడిగింది. “అమ్మా, రేపటికి ఆటో చెప్పాల్నా?”

“ఏం ఆటో? గా అన్నకు మొక్కల సంగతి ఇంతంత గూడ తెల్వదు. నేను పోతే అన్ని చంపుకుంటడు, పాపం. ఉంట తియ్ ఇక్కడ్నే.”

శ్రీవాణి తల్లి కంచంలో అన్నం పెడుతూ మొహం పక్కకు తిప్పుకుంది. “నిజమేనమ్మా. ఆయనకేం తెల్వదు.”

కాలేజీలో తనకు వృక్షశాస్త్రం చెప్పింది ఈ యోసేపు సారేనని ఆమె తల్లికి చెప్పలేదు.