కొసరి వడ్డించే రోబో

మగపెళ్లివారి పెద్దాయన అరిటాకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నారు. రేవతి సొంతంగా తయారు చేసిన ఏఐ రోబో ఆయన చేతుల సందులోంచి ఐదో పూతరేకు దూర్చింది.

"బాబ్బాబు, వద్దు," అన్నారాయన.

"మొహమాటపడకండి," అంటూ రోబో ఆరోది తీసింది.

పెళ్లికూతురు తండ్రి జగ్గయ్య పరుగున వచ్చాడు. "అమ్మాయ్ రేవతీ, ఆపు దాన్ని. వియ్యాలవారు లేచిపోయేలా ఉన్నారు."

"ఆగు," అంది రేవతి రోబోతో.

"అలా అనకండి, ఒక్కటే," అని రోబో ఆమె చేతిలోనూ ఒకటి పెట్టింది.

రేవతి నవ్వాపుకోలేక దాని వెనక మీట నొక్కి ఆపేసింది. "పొద్దున టిఫిన్లప్పుడు వద్దనగానే వెళ్లిపోయిందని, మర్యాద తెలీదని మీరే కదా మావయ్యా కేకలేసేరు? అందుకే వద్దంటే ఇంకా వెయ్యమని నేర్పేను."

"ఆయ్, అన్నాననుకో. నిజంగా వద్దన్నప్పుడు ఆగాలి కదే."

"నిజంగా అన్నారని దానికెలా తెలుస్తుందండీ?"

ముప్పై ఏళ్లుగా ముక్తేశ్వరంలో ఏ పెళ్లయినా బంతిలో కొసరి కొసరి వడ్డించేది జగ్గయ్యే.

"మొహం చూస్తే తెలిసిపోతుందమ్మా," అన్నాడు.

రేవతి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అయితే రోబోకి మొహాలు చూడటం నేర్పితే సరిపోతుంది.

"సర్లే, నువ్వు కూర్చో. భోంచేద్దువుగాని," అన్నాడు జగ్గయ్య.

"వద్దు మావయ్యా. ఇందాకే తిన్నాను, పొట్టలో చోటు లేదు."

జగ్గయ్య ఆమె మొహంకేసి చూడనేలేదు. అప్పటికే ఆకు వేసి, పప్పులో నెయ్యి ఒంపేస్తున్నాడు.

"మొహమాటపడకమ్మా," అన్నాడు.