ఎర్రిస్వామి నవ్వు

ఎర్రిస్వామి శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తుండుగుడ్డతో నడుముకు కట్టారు. ఎదురుగా హిదాయతుల్లా కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. పెనుకొండలో ఆ వీధి మొత్తానికీ సొంత కెమెరా ఉన్నది అతనికే.

"ఉగాదికి మా అన్న నవ్వుతాంటే తీసినావు కదప్పా," అన్నాడు కదిరప్ప, శవం తల నిలబెడుతూ. "ఆ ఫొటో ఇచ్చింటే ఈ తిప్పలు ఉండవు గదా."

హిదాయతుల్లా తల వంచుకుని కెమెరా అద్దం తుడిచాడు. కెమెరా కొన్న మురిపెంలో ఆ రోజు కనబడినవాళ్లందరినీ నవ్వమని నొక్కుతూ తిరిగాడు. లోపల రీలు లేదు. కొనే తాహతు లేదు.

"రీలుకు ఎండ తగిలి పాడైపోయిందన్నా."

యల్లక్క కొంగు సవరించుకుని మొగుని పక్కన వచ్చి నిలబడింది.

"పోనీలేప్పా. రీలు తిప్పకుండానే వరసగా నొక్కుతాంటివి. లోపల ఏమీ లేదని ఆయప్ప ఆ పొద్దే కనిపెట్టినాడు. 'నువ్వూ నవ్వుమే, పిల్లోడు మురిసిపోతాండాడు' అని నన్ను గూడా నవ్వమన్నాడు."

హిదాయతుల్లా కెమెరా కంటికి ఆనించాడు. ఏమీ కనబడలేదు. దించి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ పొద్దన్నా రీలు ఉండాదా?" అడిగింది యల్లక్క.

"ఉండాదక్కా."

ఆమె మొగుని గడ్డం పట్టుకుని, మొహం మెల్లగా కెమెరా వైపు తిప్పింది.