మొప్పలోళ్ల జాడ

"మొప్పలోళ్ల ఫొటో ఒక్కటైనా లేకపోతే పుస్తకం వెయ్యనండీ. సోమవారం దాకా చూస్తాను," అంది పబ్లిషర్ మనోజ్ఞ. ఆ రోజు శుక్రవారం.

రామకోటేశ్వరరావు మాస్టారు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. బెజవాడ పటమటలో ఉండే ఈ రిటైర్డు తెలుగు లెక్చరరు, ఒక జాతి ఇంకో జాతికి పెట్టే వెక్కిరింపు పేర్లన్నీ పోగేసి, ఏది ఎలా పుట్టిందో పదకొండేళ్లుగా రాస్తున్నారు. మొత్తం మూడు వందల పన్నెండు పేర్లు. ఆయన ప్రాణమంతా నలభై ఏడో పేరు మీదే. పుస్తకానికి కూడా అదే పేరు పెట్టుకున్నారు.

తన వాళ్లకు మాత్రం అలాంటి పేరేదీ లేదని ఆయనకు గట్టి నమ్మకం. మర్యాదస్తులకు ఎవరు పెడతారు?

ఆ నలభై ఏడో పేరు ఆయన చెవిన పడింది బెజవాడ చేపల మార్కెట్లో. ఓ ఆదివారం ఏమీ కొనకుండా వచ్చేస్తుంటే వెనక ఎవరో "మొప్పలోళ్లు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్లెవరని మాస్టారు ఆగి అడిగితే, ఉన్నారు లెండి కొందరు అని మాట దాటేశారు. ఆయన ఇంటికొచ్చి నలభై పేజీలు రాసేశారు. పూర్వం కొల్లేటి అడుగున ఒక జాతి కాపురముండేదని, వాళ్ల చెవుల వెనక చేపలకున్నట్టే మొప్పలుండేవని తేల్చారు. ఒక సభలో చదివితే శాలువా కూడా కప్పారు.

శాలువా కప్పినవాళ్లు ఫొటో అడగలేదు. మనోజ్ఞ మాత్రం మొదటి నుంచీ అడుగుతోంది.

దాని కోసం పోయిన నెలంతా మాస్టారు కొల్లేటి లంకల్లో తిరిగి, పడవలవాళ్ల చెవుల వెనక టార్చిలైటు వేసి చూశారు. నాగబాబు అనే పడవతను ఆయన్ని చెవుల డాక్టరనుకుని రెండో చెవి కూడా చూడమన్నాడు. మొప్పలోళ్ల సంగతి ఎత్తేసరికి మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆళ్లు ఇక్కడెందుకుంటారండీ? బెజవాడలోనే ఉంటారు. ఆదివారం పూట మార్కెట్టుకొస్తారు కదండీ," అన్నాడు.

మిగిలింది ఈ ఒక్క ఆదివారమే. ఆరింటికల్లా మాస్టారు మార్కెట్లో గంగారత్నం గంప దగ్గర నిలబడ్డారు. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే చేపలు. ఊరికే నిలబడితే బాగోదని బొచ్చెలు, శీలావతులు తాజావో కావో చూసి పక్కన పెడుతూ, వచ్చే పోయే జనం చెవులు గమనించారు. తొమ్మిదైంది. అన్నీ మామూలు చెవులే.

ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ వయసులో ఇంకో పుస్తకం రాసే ఓపిక ఎక్కడుంది?

"గంగారత్నం, నీకు తెలుసు. ఒక్కరిని చూపించమ్మా. లేకపోతే నా పదకొండేళ్లూ బూడిదలో పోసినట్టే."

ఆమెకు జాలేసింది. అటూ ఇటూ చూసింది. పక్క గంపలవాళ్లు తలలు వంచుకుని చేపల మీద నీళ్లు చల్లుకుంటున్నారు.

"చూపిస్తే కోప్పడకూడదండీ మరి."

కోపమెందుకు, నీ పేరు కూడా పుస్తకంలో వేయిస్తానన్నారు మాస్టారు.

"నా పేరొద్దండీ బాబూ. మీ ఫోనివ్వండి. మీరు నా వైపు చూడకుండా మీ పని మీరు చూసుకోండి."

మొప్పలోళ్లు బెదిరిపోతారని కాబోలు అనుకున్నారాయన. ఫోనిచ్చి, గంపలోంచి ఇంకో చేప తీశారు. క్లిక్‌మని చప్పుడైంది.

"దొరికాడా?"

"దొరికారండీ," అంది గంగారత్నం.

ఫోనందుకుని, కళ్లజోడు సవరించుకుని చూస్తే, ఎడం చేత్తో బొచ్చెను పట్టుకుని, కుడి బొటనవేలితో దాని మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తున్న మాస్టారొక్కరే ఉన్నారు ఫొటోలో.